బటన్ ఒక్కటే... వేషాలెన్నో!

నాచారంలో ఓ అపార్టుమెంటు. మూడో అంతస్తు. మధ్యాహ్నం మూడు కావస్తోంది. ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన భోంచేసి, పడక్కుర్చీలో వాలి, దుర్యోధనుడి డైలాగులు వింటున్నారు. 'దాన వీర శూర కర్ణ' అంటే ఆయనకు ప్రాణం. ఉండదూ మరి! 1977 సంక్రాంతికి విడుదలైన ఆ సినిమా షూటింగు జరిగింది ఆ నాచారంలోనే, ఎన్టీఆర్ కట్టించిన రామకృష్ణ స్టూడియోలో. ఫోను పడగ్గదిలో చార్జింగులో ఉంది. కునుకుకి అడ్డం రాకుండా దాన్ని సైలెంట్‌లో పెట్టేశారు. మాటలు మాత్రం హాల్లో టీపాయ్ మీదున్న బుల్లి బ్లూటూత్ స్పీకర్లోంచి గంభీరంగా వస్తున్నాయి. కిందటి పుట్టినరోజుకి కూతురు కొనిచ్చిన స్పీకరది.

ఉన్నట్టుండి దుర్యోధనుడు ఆగిపోయాడు. స్పీకర్లోంచి 'టుంయ్ టుంయ్' మంటూ ఏదో వింత మోత. పెద్దాయనకు వెంటనే కూతురు చెప్పిన మాట గుర్తొచ్చింది. "నాన్నా, రేడియో గరగరమంటే ఈ మధ్య బటన్ గట్టిగా నొక్కి పట్టుకోండి. అదే సర్దుకుంటుంది" అంది స్పీకరు ఇచ్చిన రోజున. నొక్కి పట్టుకున్నారు. నిజంగానే మోత ఆగింది. దుర్యోధనుడు మళ్లీ అందుకున్నాడు. 'ఫర్వాలేదు, మనకీ వచ్చేసింది' అనుకున్నారు పెద్దాయన. రెండు నిమిషాలకి మళ్లీ అదే మోత. మళ్లీ నొక్కారు. అలా నాలుగుసార్లు.

ఆ నాలుగూ కూతురి ఫోన్‌కాల్స్. ఆఫీసులో ఆలస్యమై, మెట్రోలో నిలబడి, 'బాబు స్కూలు బస్సు మూడున్నరకి వస్తుంది, మీరు కాస్త కిందికి దిగండి నాన్నా' అని చెబుదామని ఆమె తాపత్రయం. ఆవిడ చేస్తోంది, ఇవతల కట్ అవుతోంది. ఉప్పల్‌లో దిగి ఆటోలో ఉరుకులు పరుగులమీద వచ్చేసరికి, సందు మొదట్లో ఇస్త్రీబండి దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నాడు ఆరేళ్ల పిల్లాడు. ఇస్త్రీ చేసే ఆయన బిస్కెట్లు కూడా కొనిచ్చాడు. గండం గడిచింది. ఇంట్లో ఎవరూ పెద్దాయన్ని ఒక్క మాట అనలేదు. కానీ, ఆయనే ఆ సాయంత్రం స్పీకరుని అట్టపెట్టెలో పెట్టి అటక మీదికి ఎక్కించేశారు. "నాకు చేతకాని వస్తువు నాకెందుకమ్మా!" అన్నారు.

ఇలాంటి ముచ్చట జరగని ఇల్లు ఇప్పుడు అరుదే. కాకపోతే స్పీకరు బదులు ఇయర్‌ఫోనో, కారు స్టీరింగు మీది బటనో ఉంటుంది. పెద్దవాళ్లు 'నాకు చేతకాదు' అనేస్తారు. పిల్లలు 'అవును, నాన్నకి రాదు' అనుకుంటారు. ఇద్దరిదీ పొరపాటే. ఆయన నేర్చుకున్నారు, నేర్చుకున్నదాన్ని గుర్తు పెట్టుకున్నారు, తు.చ. తప్పకుండా పాటించారు. మాట మార్చింది బటన్!

ఒక మీటకి ఒకటే పని

ఒకప్పుడు ఇంత గందరగోళం లేదు. ఫిలిప్స్ కంపెనీ 1963లో క్యాసెట్‌ని తెచ్చాక వచ్చిన టేప్‌రికార్డర్లను గుర్తుచేసుకోండి. హార్మోనియం మెట్లలా వరసగా మీటలు. 'ప్లే' నొక్కితే లోపల ఓ చిన్న చట్రం కదిలి, హెడ్డుని టేపుకి ఆనించేది. రబ్బరు చక్రం టేపుని నొక్కిపట్టి లాగేది. మీట కిందికి దిగి అక్కడే ఉండిపోయేది. అంటే, పాట నడుస్తోందో లేదో చెవులు చెప్పక్కర్లేదు, కళ్లే చెప్పేవి. 'రివైండ్' మీట ఎన్నడూ పాటని ముందుకి తీసుకెళ్లలేదు. తీసుకెళ్లాలన్నా దాని వల్ల కాదు, అక్కడున్నవి పళ్లచక్రాలూ స్ప్రింగులే కదా!

వేషాలు మార్చడం మొదలైంది టూ-ఇన్-వన్‌తో. రేడియో, టేపు అంటూ పక్కనో పైనో ఓ జరిపే స్విచ్ ఉండేది. అది రేడియో వైపు ఉండగా రికార్డు మీట నొక్కితే వివిధభారతి పాట క్యాసెట్‌లోకి ఎక్కేది. టేపు వైపు ఉండగా అదే మీట నొక్కితే ముందున్న మైకు పనిచేసి, వంటింట్లో కుక్కర్ విజిల్‌తో సహా ఇంట్లోవాళ్ల మాటలన్నీ ఎక్కేవి. ఇష్టమైన పాట కోసం వారం రోజులు కాచుకుని, తీరా స్విచ్ అటు జరపడం మరిచిపోయి తలపట్టుకున్నవాళ్లు ఈ పేజీ చదివేవాళ్లలోనూ ఉండే ఉంటారు. ఆ స్విచ్ పెట్టిన పేరే... మోడ్. అయితే అది కళ్లెదుట ఉండేది. ఎటు జరిగి ఉందో చూస్తే తెలిసిపోయేది.

1979 జులైలో సోనీ వాక్‌మన్ వచ్చింది. ఆ మొట్టమొదటి దానికి ఓ తమాషా బటన్ ఉండేది, నారింజరంగులో. ఇద్దరు వినడానికి రెండు హెడ్‌ఫోన్ రంధ్రాలు ఇచ్చిన కంపెనీవాళ్లకు, 'మరి వాళ్లు మాట్లాడుకోవాలంటేనో' అన్న సందేహం వచ్చింది. ఈ బటన్ నొక్కి ఉంచితే పాట సద్దు తగ్గి, పెట్టెలోని మైకు ద్వారా పక్కవాళ్ల మాట చెవిలో వినిపించేది. వేలు తీస్తే మళ్లీ పాట. నొక్కినంతసేపే వేషం, వదిలితే మామూలే. మర్చిపోవడానికి అవకాశమే లేదు. నలభై ఏళ్లు దాటినా అంతకంటే మర్యాదస్తుడైన బటన్ మళ్లీ పుట్టలేదంటే అతిశయోక్తి కాదు.

శబ్దానికి యజమాని ఎవరు?

ఇప్పుడు నాచారం పెద్దాయన స్పీకరు దగ్గరికి వద్దాం. అలాంటివి ఉప్పల్ రింగురోడ్డు చుట్టుపక్కల ఏ మొబైల్ దుకాణంలోనైనా దొరుకుతాయి. పైన నాలుగైదు బటన్లే. మధ్యలో త్రికోణం బొమ్మ ఉన్నది ప్లే బటన్. పక్కన 'ఎం' అని ఉన్నది మోడ్ మార్చే బటన్. ఎం నొక్కిన కొద్దీ బ్లూటూత్, ఎఫ్ఎం, మెమరీ కార్డు, వైరు... ఇలా ఒక్కో అవతారంలోకి వెళ్తుంది. వెళ్లేటప్పుడు ఓ అమ్మాయి గొంతు ఏ మోడో ఇంగ్లిషులో చెబుతుంది కూడా. కాకపోతే ఒక్కసారే చెబుతుంది. అది ఏ యాసో పట్టుకునేలోపే అయిపోతుంది.

మనం అనుకునేదేమిటంటే, ప్లే బటన్ నొక్కితే పాట ఆగుతుందని. నిజానికి బటన్ పాటని ఆపదు. పాట ఎవరి దగ్గరుందో వాళ్లకి 'ఆపండి' అని కబురు పంపుతుంది, అంతే. ఆ యజమాని మోడ్‌ని బట్టి మారిపోతుంటాడు. కిటుకంతా ఇక్కడే ఉంది.

మెమరీ కార్డు పెట్టినప్పుడు పాట స్పీకరు దగ్గరే ఉంటుంది. యజమాని అదే. నొక్కితే ఆగుతుంది, మళ్లీ నొక్కితే ఆగిన అక్షరం నుంచే మొదలవుతుంది. ఇక్కడ బటన్ మాట మీద నిలబడుతుంది.

అదే ఎఫ్ఎం పెట్టారనుకోండి. 101.9లో రెయిన్‌బోనో, 102.8లో వివిధభారతో వస్తుంటుంది. ఆ పాటకి యజమాని ఆకాశవాణి. మన టీపాయ్ మీది పెట్టె ఆపమంటే రేడియో స్టేషన్ ఆగుతుందా? ఆగదు. అందుకని స్పీకరు ఓ చిన్న నాటకం ఆడుతుంది. తన నోరు మాత్రం మూసుకుంటుంది. మళ్లీ నొక్కేసరికి పాట చరణం దాటిపోయి ఉంటుంది. 'ఆపాను కదా, ఎలా అయిపోయింది' అని విస్తుపోతాం. ఇక నొక్కి పట్టుకుంటే చాలా స్పీకర్లలో స్టేషన్ల వేట మొదలవుతుంది. ఆ కొసనుంచి ఈ కొసదాకా వెతికి, దొరికినవాటిని వరసగా దాచుకుంటుంది. కూతురు నేర్పింది ఇదే. (అన్నట్టు, ఇలాంటి బుల్లి స్పీకర్లు చాలావాటికి చార్జింగు వైరే ఏరియల్. గరగర తగ్గాలంటే బటన్ కంటే ముందు ఆ వైరు తగిలించి చూడటం మేలు.)

టీవీ నుంచో, పాత డీవీడీ ప్లేయర్ నుంచో వైరుతో కలిపితే సంగతి మరొకటి. ఆ వైరులో శబ్దం ఇటు రావడమే తప్ప కబురు అటు వెళ్లే దారి లేదు. కాబట్టి ఇక్కడా నోరు మూసుకోవడమే. అవతల సినిమా దాని మానాన అది నడుస్తూనే ఉంటుంది.

అసలు కథ బ్లూటూత్‌లో. ఇక్కడ పాట ఉన్నది పడగ్గదిలోని ఫోనులో. స్పీకరుకీ ఫోనుకీ మధ్య ఒకటి కాదు, మూడు ఒప్పందాలు నడుస్తుంటాయి. పాట మోసుకురావడానికి ఒకటి, దాని పేరు ఏ2డీపీ. 'ఆపు, నడుపు, తర్వాతది పెట్టు' అనే కబుర్లకి ఇంకొకటి, ఏవీఆర్‌సీపీ. ఫోన్‌కాల్స్‌కి మూడోది, హ్యాండ్స్‌ఫ్రీ ప్రొఫైల్. పాట నడుస్తున్నంతసేపూ బటన్ రెండో ఒప్పందం ప్రకారం మాట్లాడుతుంది. కాల్ వచ్చిందా... క్షణంలో మూడోదానికి మారిపోతుంది. అప్పుడు ఒకసారి నొక్కితే 'ఎత్తు'. మాట్లాడుతుండగా నొక్కితే 'పెట్టెయ్'. మోగుతుండగా నొక్కి పట్టుకుంటే 'వద్దను'. చాలా స్పీకర్లలో పద్ధతి ఇదే. పెద్దాయన నాలుగుసార్లు చేసిందీ అదే. ఎఫ్ఎంలో మందులా పనిచేసిన చిట్కా ఇక్కడ కూతురి ఫోను కోసేసింది.

కాల్ వచ్చినప్పుడు మారేది బటన్ ఒక్కటే కాదు, గొంతు కూడా. అంతవరకూ పాటని సెకనుకి 44,100 నమూనాలుగా వినిపించిన స్పీకరు, కాల్‌లోకి దిగగానే పాత పద్ధతిలో అయితే 8,000కి, కాస్త కొత్తదైతే 16,000కి పడిపోతుంది. మాట అటూ ఇటూ రెండు వైపులా వెంటనే వెళ్లాలి కాబట్టి ఈ కోత. అంతసేపూ ఖంగున మోగిన పెట్టెలోంచి మనవాళ్ల గొంతు బావిలోంచి వచ్చినట్టు వినిపించేది అందుకే. స్పీకరు పాడైందని దుకాణానికి తీసుకెళ్లక్కర్లేదు.

ఇంకో చిక్కు రెండుసార్లు టకటకా నొక్కడం. ఇయర్‌ఫోన్లలో చాలావాటికి అది 'తర్వాతి పాట'. కొన్ని స్పీకర్లలో 'చివరగా చేసిన నంబరుకి మళ్లీ ఫోను చెయ్' అని అర్థం. పాట మారుద్దామని నొక్కితే గ్యాస్ బుకింగ్ వాళ్లకి ఫోను వెళ్లిపోతుంది! ఏ కబురు ఎలా వెళ్లాలో బ్లూటూత్ ఒప్పందాలు పక్కాగా రాసిపెట్టాయి గానీ, ఏ నొక్కుడికి ఏ కబురు పంపాలన్నది తయారుచేసేవాళ్ల ఇష్టానికే వదిలేశాయి. అందుకే ఒక కంపెనీ స్పీకరుతో అలవాటైన వేలు మరో కంపెనీ దాని మీద తడబడుతుంది.

సుప్రభాతం బదులు బ్రహ్మానందం

నాగోలు నుంచి రాయదుర్గం వెళ్లే మెట్రోలో పొద్దున్న ఉప్పల్ స్టేషన్‌లో ఎక్కేవాళ్లని చూడండి. చెవిలో ఏదో ఒకటి లేనివాళ్లు తక్కువ. వాళ్లలో కొందరికి ఇంకో రకం అనుభవం. భక్తిగా సుప్రభాతం విందామని ఇయర్‌ఫోను బటన్ నొక్కుతారు. బ్రహ్మానందం కామెడీ మొదలవుతుంది. ఎందుకని? ఫోనులో పాటల యాప్‌లు రెండు మూడు ఉంటాయి, వీడియోలవి వేరే. బటన్ పంపిన కబురు వీటిలో ఎవరికివ్వాలి? 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచీ దీనికో పద్ధతి పెట్టారు. చివరగా ఆ ఫోనులో శబ్దం చేసిన యాప్ ఏదో దానికే ఇస్తుంది. రాత్రి నిద్రపోయే ముందు కామెడీ చూశారు కాబట్టి పొద్దున్న బటన్ ఆ తలుపే తడుతుంది. ఓసారి పాటల యాప్ తెరిచి తెర మీద ప్లే నొక్కితే చాలు, ఆ తర్వాత బటన్ దాని మాటే వింటుంది.

వైరున్న ఇయర్‌ఫోన్లది ఇంకా సరదా అయిన ఏర్పాటు. పిన్ను మీద నల్లగీతలు లెక్కపెట్టండి. మూడుంటే మైకు, బటన్ ఉన్నట్టు. రెండే ఉంటే ఉత్త పాటలకే. వైరు మీది బటన్లకి వేరే తీగేమీ ఉండదు, మైకు తీగనే వాడుకుంటాయి. ఒక్కో బటన్ నొక్కితే ఆ తీగ మీద ఒక్కో పరిమాణంలో నిరోధం పడుతుంది. ఫోను దాన్ని కొలిచి ఏ బటనో పోల్చుకుంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్ల కోసం గూగుల్ రాసిన లెక్కలో 70 ఓమ్‌లు లేదా అంతకంటే తక్కువైతే మధ్య బటన్. 210 నుంచి 290 దాకా అయితే సౌండు పెంచమని, 360 నుంచి 680 దాకా అయితే తగ్గించమని అర్థం. ఐఫోను కోసం చేసిన ఇయర్‌ఫోన్లలో సౌండు బటన్ల పద్ధతి వేరు. అందుకే అటుది ఇటు పెడితే మధ్య బటన్ పనిచేస్తుంది గానీ సౌండు పెరగదు, తగ్గదు. 'డూప్లికేట్ అంటగట్టాడు' అని దుకాణం కుర్రాడి మీదకి వెళ్లేముందు ఇదొకటి గుర్తుపెట్టుకోవాలి.

ఆపిల్ కంపెనీ ఈ వైరు బటన్‌నే నమ్ముకుని 2009లో ఓ ప్రయోగం చేసింది. ఐపాడ్ షఫుల్ మీద పాట నడిపే బటన్లన్నీ పీకేసి, ఇయర్‌ఫోను వైరు మీద పెట్టింది. ఒకసారి నొక్కితే ఆగు, రెండుసార్లు తర్వాతది, మూడుసార్లు వెనకటిది, నొక్కి పట్టుకుంటే పాట పేరు చెప్పు! చూడ్డానికి ముచ్చటగానే ఉంది గానీ, మామూలు ఇయర్‌ఫోను పెడితే పాట మార్చే దారే లేదు. మరుసటి ఏడాదే బటన్లు మళ్లీ పెట్టె మీదికొచ్చాయి.

ఫోను పక్కనుండే సౌండు బటన్‌ది మరో దాగుడుమూత. పాట వస్తుంటే పాట సౌండు, కాల్‌లో ఉంటే కాల్ సౌండు. ఏమీ లేనప్పుడు? ఆండ్రాయిడ్‌లో 2018 దాకా రింగు సౌండు. ఆ ఏడాది వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి పాట సౌండు. పాత ఫోను మార్చినవాళ్లు 'సౌండు పెంచాను కదా, రింగు వినపడలేదేంటి' అని తికమకపడింది ఇక్కడే. వాళ్లు పెంచింది రింగుని కాదు.

నంబరు ప్లేటు మీది మాట

మోడ్‌ల మీద ఏకంగా యుద్ధం ప్రకటించిన పెద్దమనిషి ఒకరున్నారు. లారీ టెస్లర్. మనం రోజూ వాడే కట్, కాపీ, పేస్ట్ ఆయన చేతి చలవే. అమెరికాలో జిరాక్స్ వాళ్ల పరిశోధనశాలలో పనిచేసేటప్పుడు, ఒకే మీట ఒక్కోసారి ఒక్కోలా పనిచేయడం వల్ల మనుషులు ఎంత అవస్థ పడుతున్నారో చూసి, జీవితాంతం దాని మీదే పోరాడారు. తన కారు నంబరు ప్లేటుని 'నో మోడ్స్' అని రాయించుకున్నారు! 2020లో చనిపోయారు.

ఇదంతా పాటల గొడవే కదా అనుకుంటే పొరపాటు. 1992 జనవరి 20న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ దగ్గర ఓ ఎయిర్‌బస్ ఏ320 విమానం కొండని ఢీకొంది. 96 మందిలో 87 మంది చనిపోయారు. కారణాలు వెతికినవాళ్లు గట్టిగా అనుమానించినవాటిలో ఒకటి, ఒకే నాబ్‌కి రెండు మోడ్‌లు ఉండటం. ఒక మోడ్‌లో 33 అంటే 3.3 డిగ్రీల వాలులో దిగడం. రెండో మోడ్‌లో అదే 33 అంటే నిమిషానికి 3,300 అడుగుల చొప్పున దిగిపోవడం. పైలట్లు ఏ మోడ్‌లో ఉన్నారో గమనించి ఉండకపోవచ్చు. వేల గంటల అనుభవం కోసం జీతమిచ్చే కాక్‌పిట్‌లోనే ఇలా ఉంటే, నాచారంలో కునుకు తీస్తున్న పెద్దాయన మీద నింద వేయడం ఏం న్యాయం?

అటక దిగిన స్పీకరు

కూతురికి ఈ సంగతి ఆదివారం నాడు తట్టింది. తండ్రి కట్ చేసిన కాల్స్ అన్నీ సరిగ్గా మోగుతుండగా, మధ్యలో తెగినవే. అంటే బటన్ పనే. స్పీకరుని అటక మీంచి దింపింది. "వద్దమ్మా" అన్నారు తండ్రి. "మీ తప్పు కాదు నాన్నా, నేను నేర్పిందే సగం" అంది. ఫోనులో బ్లూటూత్ సెట్టింగ్స్ తెరిచి, స్పీకరు పేరు పక్కనున్న చక్రం బొమ్మ నొక్కింది. అక్కడ 'ఫోన్ కాల్స్', 'మీడియా ఆడియో' అని రెండు విడివిడిగా ఉంటాయి, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో. మొదటిది ఆపేసింది. ఇక మూడో ఒప్పందం రద్దు. పాటలు స్పీకర్లో, కాల్స్ ఫోనులో. స్పీకరు బటన్‌కి కాల్ ఎత్తే అధికారమూ లేదు, కోసే అధికారమూ లేదు. సైలెంట్ తీసేసి రింగు సౌండు పెంచింది. అలా చేశాక ఆగలేదు. అద్దానికి అంటించి ఉన్న బొట్టుబిళ్లల్లోంచి ఎర్రటిదొకటి తీసి ప్లే బటన్ మీద అతికించింది. 'ఎం' మీద టేపు ముక్క. "ఇది నొక్కితే ఆగుతుంది, మళ్లీ నొక్కితే వస్తుంది. రేడియో కావాలంటే నాకు చెప్పండి, నేను పెట్టిస్తాను."

"రేడియో నాకు రాదనా?"

"అయ్యో, అలా కాదు నాన్నా..."

పెద్దాయన టేపు ముక్క పీకేశారు. మనవడిని పక్కన కూర్చోబెట్టుకుని, ఓ పాత డైరీలో ఒక్కో మోడ్‌కి ఒక్కో పేజీ పెట్టి, ఒకసారి నొక్కితే ఏమవుతుంది, పట్టుకుంటే ఏమవుతుంది, రెండుసార్లు నొక్కితే ఏమవుతుందో నొక్కి చూసి మరీ రాసుకున్నారు. ముప్పావు గంట పట్టింది. డబ్బాలో వచ్చిన ఇంగ్లిషు కాగితంలో లేని సంగతులు రెండు ఆ డైరీలోకి ఎక్కాయి.

సోమవారం మధ్యాహ్నం మూడింటికి ఫోను మోగింది. దుర్యోధనుడు చటుక్కున ఆగాడు. పెద్దాయన స్పీకరు వంక చూడనైనా చూడకుండా లేచి, పడగ్గదిలోకి నడిచి, ఫోను అందుకున్నారు.

"దిగుతున్నానమ్మా" అన్నారు, చెప్పులు వెతుక్కుంటూ.